మందాఫీసులో మంచం

ఏ ఊళ్ళోనైనా తాగుబోతు ఎవరయ్యా అని అడిగితే వీధిలో వాళ్ళు ఆలోచించకుండా వేలు పెట్టి చూపిస్తారు. చూపించలేనిది ఒక్క మందాఫీసే. పాపం, వాళ్ళననడానికీ లేదు, చదువుకున్నవాళ్ళు.

మందాఫీసు అన్నది జనం పెట్టిన పేరు. అసలు పేరు గేటు మీద ఉంది: రాష్ట్ర మద్యవ్యసన జన్యుమూలాల అన్వేషణ సంస్థ. తాతకున్న తాగుడు మనవడికి ఏ దారిన సంక్రమిస్తోందో రక్తంలో వెతికి పట్టుకోవడం దాని పని. అంత పొడుగు పేరు పలికే ఓపిక మా గోదావరి జిల్లాలో ఎవరికీ లేక, ఆటోవాళ్ళు "మందాఫీసు, మందాఫీసు" అని కేకలేసేవారు. ఆ కేక విని కొందరు మందుబిళ్ళలిస్తారనుకుని డాక్టరు చీటీలు పట్టుకొచ్చారు. ఇంకొందరు ఇంకో మందు పోస్తారనుకుని గ్లాసులు పట్టుకొచ్చారు. వాచ్‌మన్ రెండు రకాలవాళ్ళకీ ఒకటే జవాబు చెప్పి పంపేసేవాడు.

"ఇక్కడ ఇవ్వరండి. ఇక్కడ వెతుకుతారంతే."

ఆ ఆఫీసులో రక్తం తీసే టెక్నీషియను మేడిశెట్టి సుభద్ర. పదహారేళ్ళుగా సూది పట్టిన చెయ్యి. ఎంత లావు మనిషికైనా మొదటి పోటులోనే నరం దొరకబుచ్చుకునేది. ఆమె భర్త సూర్యచంద్రానికి సంత రోడ్డులో మోటారు వైండింగు షాపుంది. కాలిపోయిన మోటారు విప్పి, లోపల వెంట్రుకంత రాగి తీగని వరసలో వరస చుట్టడం చంద్రానికి చేతనైనట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ చేతకాదు. ఆ చేతులే ఇప్పుడు పొద్దున లేస్తూనే వణుకుతున్నాయి. సీసా మూత తిప్పితే గానీ వణుకు ఆగదు, వణుకు ఆగితే గానీ తీగ చుట్టలేడు. పొద్దున్నకి క్వార్టరు, మధ్యాహ్నానికి ఇంకోటి, సాయంత్రానికి లెక్క లేదు.

అరవడు, కొట్టడు, తూలడు. "మేస్త్రీ బంగారంలాంటోడు, కాకపోతే తాగుతాడు" అనేది వీధి. ఒకసారి తనంతట తనే మానేద్దామని ఒట్టేసుకుని మూడో రోజుకల్లా ఫిట్సు వచ్చి పడ్డాడు. ఈ మధ్య కళ్ళలో పసుపు కూడా కనిపిస్తోంది. పెద్దాసుపత్రి డాక్టరు నెలకి సరిపడా బిళ్ళలిచ్చి, "ఇంట్లో మానడం కుదరదమ్మా, వార్డులో పెట్టి మాన్పించాలి. ఇలాగే ఉంటే ఏడాది కష్టం" అన్నాడు.

"నన్నెక్కడైనా పడుకోబెట్టి మాన్పించవే సుభద్రా. నా వల్ల కావట్లేదు" అన్నాడు చంద్రం ఆ రోజు, మొగుడనే బెట్టు కూడా లేకుండా.

ఆ చుట్టుపక్కల తాగుడు మాన్పించే వార్డు ఒక్కటే ఉంది. అది మందాఫీసులోనే ఉంది. పది మంచాలు, దుప్పట్లు, మందులు, ఎస్తేరు రాణి అనే అనుభవమున్న సిస్టరు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా రోగులు. ఎందుకంటే తాగుబోతులకే మంచం అని నియమం. తాగుబోతంటే ఎవరో ఇంకా తేలలేదు.

తేల్చడానికి నిర్వచన ఉపసంఘం కూర్చుంది. రక్తం ఎన్ని మిల్లీలీటర్లు కావాలో చెప్పడానికి సుభద్రని కూడా పిలిచి మూలన స్టూలేశారు.

డైరెక్టరు కోదండపాణిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ప్రస్తుత సమావేశం యొక్క ఏకైక ఎజెండా ఏమనగా, 'తాగుబోతు' అను పదమునకు శాస్త్రీయమును, న్యాయసమ్మతమును, అభ్యంతరరహితమును అగు నిర్వచనమును రూపొందించుట. నిర్వచనము లేనిదే నమూనా లేదు, నమూనా లేనిదే జన్యువు లేదు."

"రోజూ తాగేవాడండి" అంది సుభద్ర, అడక్కపోయినా.

ఐదుగురు సభ్యులూ ఎదురుగా ఉన్న మంచినీళ్ళ గ్లాసుల వంక చూశారు.

"రోజూ అనుట అశాస్త్రీయము" అన్నాడు మొదటి సభ్యుడు. "కొందరు శనివారం ముట్టరు. వెంకటేశ్వరస్వామి వారం కదా."

"కార్తీకమాసం మొత్తం మానేసేవారున్నారు. ఆ నిష్ఠను మనం గుర్తించాలి" అన్నాడు రెండో ఆయన.

"పోనీ, ఒంటరిగా తాగేవాడు అందాం."

"అభ్యంతరం!" మూడో ఆయన లేచి నిలబడ్డాడు. "మా ఆవిడ స్నేహితుల్ని ఇంటికి రానివ్వదు. అది నా నేరమా?"

నంజుకోవడానికేమీ లేకుండా తాగేవాడు అన్నారు. పథ్యం మీదున్న నాలుగో ఆయన ఒప్పుకోలేదు. తాగి వాగేవాడు అన్నారు. అందరూ ఐదో ఆయన వైపు చూశారు, ఆయన అప్పటికి ముప్పావు గంట నుంచి వాగుతున్నాడు. ఆఖరికి ఎవరికీ తగలకుండా ఒకటి కుదిరింది. కోదండపాణిగారు నిలబడి చదివారు:

"ఎవడు బహిరంగ ప్రదేశమందు నిలువుగా ఉన్నవాడు ఉన్నట్టుండి అడ్డముగా అగునో, అట్టివాడు తాగుబోతు."

చప్పట్లు మోగాయి. సభ్యులందరికీ కార్లున్నాయి, డ్రైవర్లున్నారు. అడ్డంగా అయినా వెనకసీట్లోనే అవుతారు.

సుభద్ర ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అంది: "ఏవండీ, రేపు మీరు మెయిన్ రోడ్డు మీద పడాలండి. పడితే మంచమిస్తారు."

చంద్రం పడడానికే వెళ్ళాడు. మామూలుకంటే ఒక క్వార్టరు ఎక్కువే వేసుకుని గడియారస్తంభం దాకా నడిచాడు. ఏం లాభం? పాతికేళ్ళ అలవాటు, అడుగు తప్పితే ఒట్టు. "ఏం మేస్త్రీ, మా మోటారు అయిందా?" అని దారిపొడుగునా పలకరింపులు. సిగ్గు చంపుకుని కావాలనే రోడ్డు మీద పడుకుంటే, పదిమంది పరుగెత్తుకొచ్చి ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టి నిమ్మసోడా తాగించారు. "ఎండదెబ్బండి, మంచోడు" అని జీపులో వచ్చిన సంస్థవాళ్ళకి వాళ్ళే సాక్ష్యం చెప్పారు.

అదే వారంలో ధర్మారావు మూడుసార్లు పడ్డాడు. ధర్మారావు భజనబృందంలో హార్మోనియం వాయిస్తాడు. జన్మలో కాఫీ కూడా తాగి ఎరగడు. చెవిలో ఏదో తేడా ఉండి, తల పక్కకి తిప్పితే భూమి తిరుగుతుంది. సంస్థ జీపు వచ్చి ఎత్తుకెళ్ళి ఒకటో నంబరు మంచం మీద పడేసింది.

"నేను తాగనండి బాబూ, రామరామ!"

"రాసుకోండి" అన్నారు కోదండపాణిగారు. "తాగలేదనుట తాగుబోతు యొక్క ప్రథమ లక్షణము."

నిండు చూలాలొకావిడ, అరటితొక్క మీద జారిన పోస్ట్‌మ్యాన్, ఉపవాసంతో సొమ్మసిల్లిన అయ్యప్పస్వామి, ఇలా నలభై మంది తాగుబోతుల రక్తం సుభద్రే తీసింది. ఆ రక్తం విదేశాల నుంచి తెప్పించిన యంత్రంలో పోశారు. అది పిండిమరలాంటిది, బియ్యం పోస్తే బియ్యప్పిండి, సెనగలు పోస్తే సెనగపిండి. నెల తిరక్కుండా జన్యువు దొరికింది. "తాగుడు జన్యువు చెవిలో ఉంది!" అని పేపర్లో పడింది. ఊళ్ళో తాగే మగాళ్ళందరూ చెవుల్లో దూది పెట్టుకుని మరీ తాగారు. ఆ తర్వాత చెవి డాక్టరొకాయన ఉత్తరం రాశాడు: అయ్యా, తమరు కనిపెట్టినది కళ్ళు తిరిగే జబ్బు తాలూకు జన్యువు, ఇరవై ఏళ్ళ కిందటే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

"విజ్ఞానము తప్పు కాలేదు. నిర్వచనము కొంచెము తూలినది" అన్నారు కోదండపాణిగారు. ధర్మారావుని ఇంటికి పంపేశారు. దారిలో ఇంకోసారి పడ్డాడు గానీ, ఈసారి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక జనాన్నే అడుగుదామన్నారు. పరాయి దేశంలో వాడే ప్రశ్నల పత్రమొకటి తెలుగు చేయించారు. అందులో 'మద్యం' అన్న మాట దగ్గర పేచీ వచ్చింది.

"మద్యం అన్నచో పామరులకు బోధపడదు. వాడుకభాషలో 'మందు' అని వేయుడు" అని ఆదేశించారు కోదండపాణిగారు. వాడుకభాష మీద ఆయనకు కలిగిన ప్రేమ అదే మొదలు, అదే ఆఖరు.

సర్వేవాళ్ళు తెల్లకోట్లు తొడుక్కుని ఇంటింటికీ తిరిగారు. కొప్పిశెట్టి తాయారమ్మకి డెబ్బై రెండేళ్ళు, బీపీ, షుగరు. అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"మామ్మగారూ, మందు వాడుతున్నారా అండి?"

"ఆయ్, వాడక చస్తానా? పొద్దున్న రెండు, రాత్రికొకటి."

"ఎన్నాళ్ళ నుంచండి?"

"ఇరవై ఏళ్ళు. మా ఆయన పోయిన కాడి నుంచి."

సర్వే కుర్రవాడి కలం ఒక్క క్షణం ఆగింది. "మానేస్తే ఏమవుతుందండి?"

"కళ్ళు తిరిగిపోతాయి నాయనా, చేతులు వణుకుతాయి. ఓ పూట మర్చిపోతే ఇల్లంతా గాలించి వేసుకుంటాను. ఓ పక్క మా కోడలు, ఎన్నని మింగుతావత్తా అని సణుగుతూనే ఉంటాది."

అన్ని గడుల్లోనూ టిక్కులే. అరవై దాటిన ఆడవాళ్ళలో నూటికి ఎనభై ముగ్గురు ముదిరిన తాగుబోతులని తేలింది. కోదండపాణిగారు ఆ అంకె చూసి కుర్చీలో వెనక్కి వాలి, "మాతృభూమి ఏమైపోతున్నది!" అన్నారు. పదిమంది ముసలమ్మల్ని తెచ్చి పది మంచాల మీద పడుకోబెట్టారు.

అదే సర్వే చంద్రం షాపుకీ వెళ్ళింది. పొద్దున క్వార్టరు అప్పుడే పడి చేతులు నిలకడగా ఉన్నాయి. తెల్లకోటు చూసి చంద్రం లేచి నిలబడ్డాడు.

"మందేమైనా వాడుతున్నారా అండి?"

పెద్దాసుపత్రి బిళ్ళలు అయిపోయి నెల దాటింది. చంద్రం నిజాయితీగానే చెప్పాడు. "ఇప్పుడు ఏ మందూ లేదండి."

అన్ని గడులూ ఖాళీ. జిల్లా మొత్తం మీద ఆ వయసు మగవాడి పత్రం అంత శుభ్రంగా ఇంకెక్కడా రాలేదు.

తాగుబోతుల రక్తం పక్కన పెట్టి పోల్చడానికి తాగనివాడి రక్తం ఒకటి కావాలి కదా. మర్నాడు సుభద్ర బల్ల మీదికి చీటీ వచ్చింది: నిర్మద్య ప్రామాణిక నమూనా, నంబరు ఒకటి, మేడిశెట్టి సూర్యచంద్రం. చీటీ వెనకే జీపులో చంద్రం కూడా వచ్చాడు. అప్పటికి మధ్యాహ్నం క్వార్టరు పడలేదు, చెయ్యి తుపానులో కొబ్బరాకులా కొట్టుకుంటోంది. ఆ చేతిని మోకాలితో అదిమిపట్టి సుభద్ర సూది గుచ్చింది. నరం జారింది. ఇంకోసారి గుచ్చింది, జారింది. పదహారేళ్ళలో ఎన్నడూ లేనిది, మూడో పోటుకి గానీ రక్తం రాలేదు.

"డైరెక్టరుగారండి, ఈయన మా ఆయనండి. తాగుతారండి. ఈ వణుకు చూడండి" అంది సుభద్ర.

"సూదిభయము" అన్నారాయన ముచ్చటపడుతూ. "తాగనివారికి ధైర్యము తక్కువ."

"ఆ కళ్ళు చూడండి సార్, పచ్చగా ఉన్నాయి. ఆయనకో మంచమివ్వండి, మీకు పుణ్యముంటుంది. ఇంక ఎక్కువ రోజులు లేవంటున్నారండి."

"చూడమ్మా. భార్య సాక్ష్యము పక్షపాతముతో కూడినది. ఫారమునకు పక్షపాతము లేదు. పైగా ప్రామాణిక నమూనాను వార్డునందు చేర్చినచో ప్రామాణికత ఏమి కావలెను? ఈయన తాగుబోతైనచో మనమందరమూ ఏమి కావలెను?"

ఆ ప్రశ్నకి జవాబు సుభద్రకి తెలుసు గానీ ఉద్యోగం కదా, ఊరుకుంది. వార్డు బయట బెంచీ మీద మొగుడి పక్కన కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చంద్రానికి ఏం చెయ్యాలో తెలియక ఆమె వీపు మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి వణుకుతూంటే ఆమెకి ఇంకా ఏడుపొచ్చింది.

"ఏమ్మాయ్, ఎందుకా ఏడుపు?" అని కిటికీలోంచి తాయారమ్మ. ఒకటో నంబరు మంచం ఇప్పుడు ఆవిడదే. సుభద్ర చెప్పింది. తాయారమ్మ ఓపిగ్గా విని, కిటికీ ఊచలు పట్టుకుంది.

"నా గోడు వినవే. మందు మాన్పిస్తామని నా బీపీ బిళ్ళలు లాగేసుకున్నారు. ఎస్తేరమ్మ చాటుగా పెట్టకపోతే ఈపాటికి నా కర్మకాండ అయిపోయేది. నాకు ఎక్కిస్తామన్న సీసాలు, పొడుస్తామన్న సూదులు నేనేం చేసుకోను? నీ మొగుడికియ్యి."

"రోగికి ఒక తోడు ఉండొచ్చని రూలుంది" అంది ఎస్తేరు సిస్టరు, అప్పుడే అటు వచ్చి. "తాగుబోతంటే ఏంటో సార్లకి కమిటీ కూర్చుంటే గానీ తెలీదు. నాకు మొహం చూస్తే తెలుస్తుంది. పేరు రాయించండి, మిగతాది నేనూ డ్యూటీ డాక్టరుగారూ చూసుకుంటాం."

అలా నిర్మద్య ప్రామాణిక నమూనా, ముదిరిన తాగుబోతు తాయారమ్మకి తోడుగా వార్డులో చేరాడు. మంచం మీద పేరు ఆవిడది, పడుకున్నది అతను. సెలైను సీసా మీద పేరు ఆవిడది, సూది అతని చేతికి. ఆవిడ పక్కనే కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసిరేది. తనిఖీ వస్తే ఇద్దరూ చోట్లు మార్చుకునేవాళ్ళు. మొదటి నాలుగు రోజులు చంద్రానికి నరకమే. చెమటలు, వాంతులు, గోడ మీద లేని చీమలు. "సంత రోడ్డుకి పోతాను, నన్నొదిలెయ్యండి" అని లేచిపోతుంటే పదిమంది ముసలమ్మలూ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"ఒరే అబ్బాయ్, మేం పదిమందిమి తాగుబోతులం, మమ్మల్ని తోసుకుని ఎల్తావా?" అంది తాయారమ్మ.

చంద్రం ఆ బాధలోనే నవ్వాడు, వెనక్కొచ్చి పడుకున్నాడు. తగ్గాక సుభద్ర టిఫిన్ డబ్బాలో పెరుగన్నం తెచ్చి తినిపించేది. ఇరవయ్యో రోజుకి కళ్ళలో పసుపు విరిగింది. ముప్పయ్యో రోజున తాయారమ్మ సూదిలో దారం ఎక్కించమని ఇచ్చింది. ఒక్కసారికే ఎక్కించాడు. వార్డు వార్డంతా చప్పట్లు కొట్టింది.

నలభయ్యో రోజున సంస్థ ఫలితాలు తీసింది. పదిమందినీ అడిగారు, మందు మానేశారా అని. "మానేస్తే చస్తామండి" అన్నారు పదిమందీ. వైఫల్యం నూటికి నూరు. జన్యువు మాత్రం దొరికింది, అది షుగరుదని ఇంకా ఎవరూ ఉత్తరం రాయలేదు. ఆ సంతోషంలో మర్నాడే వార్షికోత్సవం పెట్టి, ఆదర్శ పురుషుడిగా చంద్రాన్ని వేదిక ఎక్కించారు. శాలువా కప్పి, "పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టని మహనీయుడు" అని మైకు చేతికిచ్చారు.

చంద్రం మైకు పట్టుకుని మొదటి వరసలో సుభద్రని చూశాడు. ఈ అబద్ధం కూడా మింగేసి దిగిపోతే సరిపోయేది. దిగలేదు.

"నేను తాగుబోతునండి. పాతికేళ్ళు తాగాను. మానేసి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. మా ఆవిడ, ఈ మామ్మగార్లు, ఎస్తేరు సిస్టరుగారు నన్ను బతికించారండి. గేటు బయట నాలాంటోళ్ళు చానామంది ఉన్నారు. ఆళ్ళకి మంచాలియ్యండి."

కోదండపాణిగారు మెల్లగా లేచి మైకు తీసుకున్నారు.

"చూచితిరా! జన్మలో తాగనివాడు ఇవాళ తాగి వచ్చినాడు. ఎంత వాగుచున్నాడో చూచితిరా!"

సభ ఊపిరి పీల్చుకుంది. తాగితే తప్ప మనిషి అలా మాట్లాడడని అందరికీ అనుభవమే. వేదిక వెనకే ఉపసంఘం నిలబడి సమావేశమై, పదినిమిషాల్లో కొత్త నిర్వచనం తెచ్చింది: "ఎవడు తాను తాగుబోతునని నలుగురిలో ఒప్పుకొనునో, వాడే తాగుబోతు." సభ్యుల్లో ఎవరికీ తగిలే ప్రమాదం లేదు. ఏకగ్రీవం.

"వీరి రక్తము వెంటనే తీయవలెను. ఒకటో నంబరు మంచము కేటాయించవలెను" అన్నారు కోదండపాణిగారు.

సుభద్ర బల్ల ముందు కూర్చుంది. ఈసారి యంత్రంలో ఏ పిండి పడుతుందో ఆమెకి ముందే తెలుసు. ఇక నిజం చెప్పే రోగం ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతారు. అలవాటు కొద్దీ మోకాలు అడ్డం పెట్టబోయి ఆగింది. అవసరం లేదు. చంద్రం చెయ్యి బల్ల మీద రాయిలా నిలబడి ఉంది. మొదటి పోటులోనే నరం దొరికింది.

ఆమె సూది తీసి దూది అద్దింది. ఫారం దగ్గరికి లాక్కుని, వెనక డైరెక్టరుగారు నిలబడి ఉన్నారు కాబట్టి, ఎవరినో అడిగినట్టు గంభీరంగా అడిగింది.

"మందేమైనా వాడుతున్నారా అండి?"

"ఇప్పుడు ఏ మందూ లేదండి" అన్నాడు చంద్రం.